చెరువు దగ్గరికి జనాన్ని తీసుకొచ్చే ముందు

చిరంజీవి స్రవంతికి, పెదనాన్న ఆశీస్సులు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మీ ఆఫీసు మిత్రులు అరవై మందితో వచ్చి మన ఊరి చెరువు దగ్గర శ్రమదానం చేయాలనుకుంటున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. నీవు రాసి పంపిన ప్రణాళికను రెండుసార్లు చదివాను. బస్సు ఎక్కడ ఆగాలి, టోపీలు ఏ రంగువి, బ్యానరు ఎంత పొడవు, ఫలహారం ఎన్ని గంటలకు అనే విషయాలన్నీ వివరంగా ఉన్నాయి గానీ, చెరువులో ఏ పని చేయాలన్నది మాత్రం 'శుభ్రం చేయడం' అన్న ఒక్క మాటతో ఆగిపోయింది. కళాశాలలో జాతీయ సేవా పథకం బాధ్యతలు చూసిన ఏళ్లలో విద్యార్థులను చెరువులకూ గుట్టలకూ తీసుకువెళ్లిన అనుభవంతో చెబుతున్నాను: ఆ నేలకు ఏ పని అవసరమో ముందు తేల్చుకుని, ఆ పనికి ఎంతమంది కావాలో లెక్కకట్టి, ఆ తరువాతే మనుషులను పిలవాలి. జనాన్ని ముందు పోగుచేసి పనిని తరువాత వెతుక్కుంటే, వచ్చిన అందరికీ ఏదో ఒక పని చూపించవలసి వస్తుంది, ఆ తొందరలో చెరువుకు మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

అందుకని మొదట నీవు ఒక్కదానివే రావాలి. తెల్లవారకముందే బయలుదేరి వచ్చి, తూము దగ్గర నుంచి మత్తడి దాకా, అంటే నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు దాకా, కట్ట మీద నెమ్మదిగా నడిచి, చెరువును ఎవరెవరు ఏయే విధంగా వాడుకుంటున్నారో చూడాలి. చెరువు ప్రభుత్వానిదే కావచ్చు గానీ, దాని మీద ఆధారపడి బతికేవారు చాలామంది ఉన్నారు. మత్స్య సహకార సంఘం వాళ్లు చేపపిల్లలను వదిలి, ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు వలలు వేస్తారు. యాసంగి వరికి తూము నుంచి నీరు ఏ రోజు వదులుతారో పొలాలకు నీరు పంచే నీరటికి తెలుసు. రజకుల రేవు ఒక పక్క ఉంది, గొర్రెల మందలు నీటికి దిగే దారి మరో పక్క ఉంది. వీళ్లందరినీ కలిసి, 'మేము ఇలా వద్దామనుకుంటున్నాము, చెరువుకు ఇప్పుడు అన్నిటికన్నా అవసరమైన పని ఏది, మేము ముట్టుకోకూడనిది ఏది?' అని అడుగు. రెండో ప్రశ్నకు వచ్చే సమాధానాలు మొదటిదాని కన్నా విలువైనవని నా అనుభవం. కట్టమైసమ్మ గుడి చుట్టూ ఉన్న పాత వస్త్రాలూ, పగిలిన పటాలూ, కుండలూ చూడడానికి చెత్తలాగే ఉంటాయి, కానీ వాటిని ఎవరు తీయాలి, ఎక్కడ పెట్టాలి అన్నది ఆ గుడి చూసుకునే పెద్దలే చెప్పాలి.

ఇక పని విషయానికి వస్తాను. ఈ ఏడాది మన చెరువుకు నిజమైన బాధ గుర్రపు డెక్క. ఊదారంగు పూలతో చూడముచ్చటగా ఉంటుంది గానీ, అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు మూడు వారాల్లోనే రెట్టింపు విస్తీర్ణానికి పాకుతుంది. ఒక మొక్కను లాగితే పక్క మొక్క, దాని వెంట మరొకటి, తీగలతో ముడిపడి తడిసిన బొంతలా మొత్తం కదిలి వస్తుంది. కింద నల్లగా వేలాడే వేళ్లలో నత్తలూ, పురుగులూ, ఒక్కోసారి చిన్న చేపపిల్లలూ చిక్కుకుని ఉంటాయి కనుక, ఒడ్డున పడవేసే ముందు నీటిలోనే ఒకటి రెండుసార్లు జాడించాలి. లాగిన మొక్కను ముక్కలు చేసి నీటిలో వదిలేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు, ఎందుకంటే తీగ ముక్క నుంచి కొత్త మొక్క మళ్లీ లేస్తుంది, కుళ్లిన భాగం నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలను చంపుతుంది. మన చెరువు గొలుసుకట్టులో ఒకటి, అంటే మత్తడి దూకిన నీరు కింది ఊరి చెరువుకే చేరుతుంది. కాబట్టి తీసినదాన్ని మత్తడి కాలువ దరిదాపుల్లో ఎక్కడా వేయకూడదు, లేకపోతే మన కష్టాన్ని పక్క ఊరి నెత్తిన పెట్టినవాళ్లమవుతాము.

దాని బరువులో తొంభై శాతానికి పైగా నీరే. తీసిన వెంటనే తట్టల్లో మోయాలని చూస్తే మీవాళ్లు గంటకే అలసిపోతారు. మొదట ఒడ్డుకు లాగి, చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దుకు, అంటే ఎఫ్‌టీఎల్ గీతకు పైన కుప్ప వేసి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఆ తరువాత ట్రాక్టరులో తరలించాలి. పూత రాకముందు తీసినదాన్ని రైతులు కంపోస్టుకు అడిగితే ఇవ్వవచ్చు, కానీ విత్తనం కట్టినదాన్ని ఇవ్వకూడదు, ఆ విత్తనాలు ఏళ్ల తరబడి బురదలో ప్రాణంతో ఉంటాయి. కార్ఖానాల మురుగు కలిసే చెరువుల్లో ఈ మొక్క సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటుంది కనుక, అక్కడి ఎరువును కూరగాయల మడులకు వాడకూడదు. మన చెరువుకు ఆ భయం లేదు గానీ, మీ మిత్రులు రేపు నగరంలోని చెరువుల దగ్గర ఇదే పని తలపెడితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇదంతా చేసినా, గుర్రపు డెక్కకు తిండి పెడుతున్నది ఊరి మురుగు కాలువే. బడి వెనక నుంచి వచ్చి చెరువులో కలిసే ఆ కాలువను ఆపకుండా మొక్కను మాత్రమే లాగితే మరో రెండు నెలల్లో తిరిగి కమ్ముకుంటుంది. కాబట్టి మీ అరవై మందిలో ఓపికగలవాళ్లు నలుగురైదుగురిని ఆ రోజు నీటి పని నుంచి తప్పించి, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో నడిచి చూసి, ఏ ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలు తవ్వవచ్చో పంచాయతీ కార్యదర్శితో కలిసి గుర్తించి, ఒక చిన్న పటం గీసి ఇచ్చే పనిలో పెట్టు. ఫొటోల్లో కనిపించని పని ఇది. అయినా ఆ రోజు జరిగే పనులన్నిటిలోకీ ఎక్కువ కాలం నిలిచేది ఇదేనని నేను నమ్ముతున్నాను.

అరవై మందిని ఒకేసారి నీటి ఒడ్డున నిలబెట్టవద్దు. పది పన్నెండు మందికి ఒక బాధ్యుడు చొప్పున జట్లు చేసి, ప్రతి జట్టుకూ తాడు కట్టి హద్దు చూపించి, ఆ మేరకు మొక్క అనేది మిగలకుండా తీయమని చెప్పు. అక్కడక్కడ పైపైన తీసిన చోట గుర్రపు డెక్క త్వరగా తిరిగి వస్తుంది. ఒక మూల పూర్తిగా తీస్తే దాన్ని కాపాడుకోవచ్చు. పొడవాటి కర్రలకు ఇనుప కొక్కేలు బిగించినవి మత్స్యకారుల దగ్గర ఉంటాయి, అవి అడిగి తీసుకో, వాళ్లలో ఇద్దరిని ప్రతి జట్టుకూ తోడు ఉండమని కోరు. ఆ రోజుకు వాళ్లకు కూలి ఇవ్వాలి. మీరు సెలవు రోజున ఇష్టంతో వస్తున్నారు, వాళ్లు పని మానుకుని వస్తారు, ఆ తేడాను మరవకూడదు.

ఉత్సాహంలో పచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ పీకేయడం కొత్తవాళ్ల అలవాటు. ఒడ్డు వెంట ఉన్న జమ్మునూ తుంగనూ ముట్టుకోవద్దు, నీటికోళ్లు గూళ్లు పెట్టేది వాటిలోనే. నీరు వెనక్కి తగ్గిన శిఖం నేలలో మార్చి నుంచి తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. అవి గూడు కట్టవు, గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో, మట్టి రంగు మీద నల్ల మచ్చలున్న మూడు నాలుగు గుడ్లను పెడతాయి. రెండడుగుల దూరంలో నిలబడినా రాళ్లకూ వాటికీ తేడా తెలియదు. పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తున్నదంటే గుడ్లు దగ్గరలోనే ఉన్నాయని అర్థం, అప్పుడు వచ్చిన అడుగుల మీదే వెనక్కి రావాలి. నీవు ఫిబ్రవరిని ఎంచుకోవడం ఈ విధంగా కూడా మంచిదయింది, దాన్ని మార్చి చివరికి వాయిదా వేయవద్దు.

కట్ట మీద తవ్వకూడదు. కట్టకు పెరిగిన సర్కారు తుమ్మను వేళ్లతో సహా పెకిలిస్తే ఆ గొయ్యి గుండా నీరు చెమర్చి, వానాకాలంలో గండికి దారి తీయవచ్చు. ఆ పని నీటిపారుదల శాఖ చేయాలి, గొయ్యి నింపి మట్టి గట్టిపరిచే ఏర్పాటు వాళ్ల దగ్గరే ఉంటుంది. కట్ట మీద కొత్తగా చెట్లు నాటడం కూడా సరికాదు, చెట్టు చచ్చి వేరు కుళ్లితే అదే నీటికి దారి అవుతుంది. నీటి వైపు పేర్చిన రాళ్లను కదపవద్దు. కట్ట వెనుక వైపు ఎక్కడైనా తడిగా, చిత్తడిగా కనిపిస్తే ఫొటో తీసి అదే రోజు ఆ శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకు, అంటే ఏఈ గారికి పంపు.

అనుమతి నోటిమాటగా సరిపోదు. సర్పంచ్ గారికీ, పంచాయతీ కార్యదర్శికీ, నీటిపారుదల శాఖ ఏఈకీ తేదీ, సమయం, మనుషుల సంఖ్య, చేయబోయే పని రాసి ఉత్తరాలు ఇచ్చి, మన ప్రతి మీద ముద్ర వేయించుకో. చెట్లు కొట్టే ఆలోచన ఏదైనా ఉంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) కింద వేరే అనుమతి కావాలి కనుక దాని జోలికి పోవద్దు. శిఖం భూమిని ఎవరో రాతి కడీలు పాతి ఆక్రమించారని నీకూ తెలుసు. గ్రామ ఉమ్మడి భూముల్లోని ఆక్రమణలను తొలగించి ఆ భూములను ప్రజల వినియోగానికి తిరిగి ఇవ్వాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది, ఆ బలం మనకు ఉంది. అయినా ఆ గొడవను శ్రమదానం రోజున తీయకూడదు. అరవై మంది బయటివాళ్ల ముందు మాటా మాటా పెరిగితే మీరు సాయంత్రానికి వెళ్లిపోతారు, ఊళ్లో వైరం మిగిలిపోతుంది. హద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూసి రాసుకుని, తరువాత తహసీల్దారుకు ఊరివాళ్ల సంతకాలతో అర్జీ పెడదాము.

నీటి విషయంలో ఎంత కఠినంగా ఉన్నా తప్పు లేదు. ఈ చెరువులో పూడిక మట్టి కోసమూ, ఇటుక బట్టీల కోసమూ తవ్విన గుంతలు నీటి కింద కనబడకుండా ఉన్నాయి. మోకాలి లోతు దాటి ఎవరూ దిగకూడదని, పిల్లలు నీటి అంచుకు రాకూడదని బస్సు దిగకముందే చెప్పాలి, వినని వారిని ఒడ్డు మీద పనికే పరిమితం చేయాలి. చేతికో కాలికో పుండు ఉన్నవాళ్లు బురదలో దిగవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే జ్వరం ప్రమాదకరమైనది. గుర్రపు డెక్క కుప్పల్లో పాములు ఉంటాయి కనుక చేతులు నేరుగా పెట్టకుండా ముందు కర్రతో కదపాలి. ఎవరినైనా కాటు వేస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వంటివి చేయకుండా, ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. పాముకాటు మందు దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో ముందు రోజే కనుక్కుని పెట్టుకో. పని ఉదయం ఆరున్నరకు మొదలై పది గంటలకు ముగియాలి.

ఫ్లెక్సీ వద్దు, నీళ్ల పాకెట్లు వద్దు, కాగితపు ప్లేట్లు అసలే వద్దు. మహిళా సంఘం వాళ్లకు ముందుగా చెబితే ఉప్మా వండి, మజ్జిగ చేసి, స్టీలు గిన్నెలూ గ్లాసులూ ఇస్తారు, వాళ్లకు తగిన డబ్బు ఇవ్వాలి. కట్ట కింద పేరుకున్న సీసాలను విడిగా గోనె సంచుల్లో, ప్లాస్టిక్‌ను విడిగా వేయించి, పంచాయతీ ట్రాక్టరు డంపింగ్ యార్డుకు తీసుకువెళ్లేలా డ్రైవరుతో శనివారమే మాట్లాడాలి. ఒక మాట గట్టిగా చెబుతున్నాను: మీరు తీసిన మురికిని ఎత్తి ట్రాక్టరులో వేయడానికి సఫాయి కార్మికులను పిలవకూడదు. ఏడాది పొడవునా ఊరి మురికి మోసేది వాళ్లే, కనీసం ఆ ఒక్క రోజు చివరి తట్ట దాకా మీరే మోయాలి.

మొక్కలు నాటుదామని కూడా రాశావు. ఫిబ్రవరిలో నాటిన మొక్క ఎండలకు నిలబడదు. పైగా శిఖం అంచు ఖాళీగా ఉన్నట్టు కనిపించినా అది గొర్రెలు మేసే నేల. అక్కడ కంచె వేసి మొక్కలు పెడితే కాపరులకు దారి మూసుకుపోతుంది, మొక్కలూ దక్కవు. జూలైలో మంచి వానలు పడ్డాక, కాపరులు చూపించిన చోట కానుగ, నేరేడు, ఏరుమద్ది వంటివి కొద్దిగా నాటి, నీరు పోసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాసుకుందాము.

అన్నిటికన్నా ముఖ్యంగా, మొదటి రోజు పని ముగియకముందే రెండో తేదీని అందరి ముందూ ప్రకటించు. మార్చి మొదటి వారంలోగా పదిహేను మంది వచ్చి, తాడు కట్టి తీసిన ఆ మూలలో మళ్లీ తలెత్తిన మొక్కలను ఏరివేస్తే చాలు. ఆ తరువాత మన యువజన సంఘం పిల్లలు నెలకొకసారి చూసుకోగలరు. ఒకే చోట నిలబడి ప్రతిసారీ ఒక ఫొటో తీయించు, గుర్రపు డెక్క అంచు ముందుకు వచ్చిందో వెనక్కి పోయిందో దాన్ని బట్టే తెలుస్తుంది. రెండోసారి రాలేమని మీవాళ్లు అంటే, అరవై మందికి బదులు ఇరవై మందినే తీసుకురా, మిగతా వాళ్లను మార్చికి ఆపి ఉంచు.

వచ్చే ఆదివారం నీవు వస్తే మత్స్య సంఘం అధ్యక్షుడినీ నీరటినీ ఇంటికే రమ్మంటాను. ఏఈ గారికి ఇవ్వవలసిన ఉత్తరం చిత్తుప్రతి రాసి తీసుకురా, ఇక్కడ కలిసి సరిచూసి సోమవారం నేనే వెళ్లి ముద్ర వేయించుకుని వస్తాను. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు మీ ఊళ్లో ఎంతకు దొరుకుతాయో కూడా కనుక్కో.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న