డిగ్రీ హద్దుల గొడవ తేలేదాకా పాపను ఆపాలా?

చిత్తూరు పక్క పల్లె నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరాన్ని కొంత కుదించి ఇస్తున్నాను:

"సార్, మా పాప తిరుపతిలో బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) చదివి ఇప్పుడు హౌస్ సర్జన్ చేస్తా ఉంది. దాని పైన పీజీ ఎండీఎస్‌లో ఓరల్ సర్జరీ (నోరు, దవడ ఆపరేషన్ల బ్రాంచి) కావాలంటుంది. అది చేస్తే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్లు కూడా చేయచ్చు, డబ్బంతా అందులోనే అని మా బామ్మర్ది అంటాడు. స్కిన్ డాక్టర్లు ఒప్పుకోవడం లేదు, ఆ డిగ్రీకి విలువ తగ్గిపోతుందేమో అని పాప సీనియర్లు అంటున్నారు. డెంటల్ కౌన్సిల్ పోయి కమిషన్ వస్తుందంట, పరీక్షలు మారతాయంట. రెండేండ్లు ఆగి చూద్దామా? ఈలోగా ఇంప్లాంట్లలో (దవడ ఎముకలో బిగించే కృత్రిమ దంతాలు) ఏడాది ఫెలోషిప్ చేస్తే ఎండీఎస్‌తో సమానమేనని ఒకాయన చెప్పినాడు. ప్రైవేటు సీటంటే మామిడి తోట మీద అప్పు తేవాల. ఇంకోటి, పాప మార్కుల జాబితాల్లో ఒకదాంట్లో ఎన్టీఆర్ యూనివర్సిటీ అని, ఇంకోదాంట్లో వైఎస్సార్ యూనివర్సిటీ అని ఉంది. రేపు ఇబ్బంది అవుతుందా?"

నమస్కారం. మీ ప్రశ్నలు నాలుగైదు ఉన్నా అన్నింటి కిందా ఉన్న భయం ఒక్కటే: చదివిన చదువుకు రేపు ఎవరో విలువ తీసేస్తారేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను. గుర్తింపు ఉన్న కాలేజీలో, గుర్తింపు ఉన్న బ్రాంచిలో ఎండీఎస్ పూర్తి చేసి, దాన్ని రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించుకుంటే, తర్వాత వచ్చే చట్టమేదీ ఆ డిగ్రీని వెనక్కి లాక్కోదు. గొడవలన్నీ హద్దుల దగ్గరే. ఏ పని ఎవరు చేయాలన్నదే తగాదా. పాత డిగ్రీ చెల్లుతుందా లేదా అన్నది కాదు. అందుకని రెండేళ్లు ఆపొద్దు.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీ ఇంట్లో వాదన దాని మీదే నడుస్తున్నట్టుంది. ఓరల్ అండ్ మ్యాక్సిల్లోఫేషియల్ సర్జన్లు, అంటే మీ పాప కోరుకునే బ్రాంచి డాక్టర్లు, ముఖ సౌందర్య చికిత్సలు, జుట్టు మార్పిడి చేయవచ్చని డెంటల్ కౌన్సిల్ 2022లో చెప్పింది. ఇది మా శిక్షణలోది, దంతవైద్యులకు ఏం సంబంధం అని చర్మవైద్యులు అభ్యంతరం చెప్పారు. రెండు పక్షాల వాదనలోనూ పస ఉంది. దవడ సర్జన్ ముఖం మీది కండరాలు, నరాలు, రక్తనాళాల మధ్య రోజూ కత్తి పట్టే మనిషి. కానీ నెత్తి మీది చర్మానికి వచ్చే జబ్బులు, జుట్టు ఎందుకు రాలుతోందో కనిపెట్టడం చర్మవైద్యుడు మూడేళ్లు కూర్చుని నేర్చుకునే విద్య.

ఇదే గొడవ అటునుంచి ఇటు కూడా వచ్చింది. 2020 నవంబరులో ఆయుర్వేద పీజీలకు 58 శస్త్రచికిత్సలు అనుమతిస్తూ కేంద్రం నియమాలు తెచ్చింది. అందులో 39 శల్యతంత్రానికి (ఆయుర్వేదంలో సాధారణ శస్త్రచికిత్స విభాగం), 19 శాలాక్యతంత్రానికి (తల, ముఖ భాగాల విభాగం). కన్ను, చెవి, ముక్కు, గొంతుతో పాటు పంటి పనులూ ఆ రెండో పట్టికలో ఉన్నాయి. ఆ డిసెంబరు 11న అల్లోపతి డాక్టర్ల సంఘం ఐఎంఏ దేశవ్యాప్తంగా ఓపీలు ఆపి నిరసన తెలిపింది. దంతవైద్యులూ గట్టిగానే వ్యతిరేకించారు. తిరుపతిలో టీటీడీ ఆయుర్వేద కళాశాల ఉంది, డెంటల్ కళాశాల ఉంది, కాబట్టి ఇరువైపుల పిల్లలూ నా దగ్గరికి వస్తారు. వాళ్లందరికీ ఒకే మాట చెబుతాను: మన పన్ను వేరేవాళ్లు ముట్టుకుంటే తప్పు, వేరేవాళ్ల జుట్టు మనం ముట్టుకుంటే హక్కు అనకూడదు. ఎవరైనా సరే, గురువు పక్కన నిలబడి ఎన్ని కేసులు చేశారు, లాగ్ బుక్కులో ఏం రాసుంది అన్నదే కొలత కావాలి. రోగికి కావాల్సింది అదే.

అందువల్ల మీ బామ్మర్ది గారి మాట పట్టుకుని ఓరల్ సర్జరీ తీసుకోవద్దు. ఆయన మాట వద్దనుకుని మానుకోవద్దు కూడా. ఈ బ్రాంచికి అసలు పని వేరే ఉంది. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతాలు, విరిగిన దవడలు, గ్రహణమొర్రి, దవడ కీలు బిగుసుకుపోయి నోరు తెరవలేని పిల్లలు, గుట్కా వల్ల వచ్చే నోటి క్యాన్సర్లు. మదనపల్లె రోడ్డులోనో, భాకరాపేట ఘాట్‌లోనో హెల్మెట్ లేకుండా బైకు మీద నుంచి పడ్డవాడికి ముఖం ఎముకలు అతికించేది ఈ డాక్టరే. ఈ పని మీద ఏ సంఘమూ కేసు వేయదు. పాపకు ఇది ఇష్టమైతే నిస్సంకోచంగా వెళ్లనీయండి. అయితే ముందు ఒక రాత్రి పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఓరల్ సర్జన్ పక్కన ఉండి చూడమనండి. రాత్రి రెండు గంటలకు నోరంతా రక్తంతో వచ్చిన మనిషిని చూశాక కూడా అదే కావాలంటే, అప్పుడు అది ఆమె బ్రాంచి.

కమిషన్ సంగతి. 1948 నాటి దంతవైద్యుల చట్టం స్థానంలో జాతీయ డెంటల్ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. చదువుకు ఒకటి, కాలేజీల తనిఖీకి, రేటింగుకు ఒకటి, నైతిక నియమాలకు, రిజిస్ట్రేషన్‌కు ఒకటి, ఇలా మూడు బోర్డులు అందులో ఉన్నాయి. బీడీఎస్ చివరి ఏడాదిలో దేశమంతటికీ ఒకే నెక్స్ట్ పరీక్ష పెట్టి, దాంతోనే లైసెన్సు, దాంతోనే పీజీ ప్రవేశం ఇవ్వాలన్నది పెద్ద మార్పు. ఇది ముఖ్యంగా వెనక వచ్చే బ్యాచుల విషయం. మీ పాప ఫైనలియర్ దాటేసింది. ఇప్పటి పీజీ ప్రవేశ పరీక్ష నీట్ ఎండీఎస్ నోటిఫికేషన్ ఉన్నంతకాలం అది రాయాల్సిందే. 240 ప్రశ్నలు, ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. హౌస్ సర్జన్సీ ఏ తేదీలోపు పూర్తి కావాలో ఆ ఏడాది బులెటిన్‌లో ఉంటుంది, అది మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సెలవులెక్కువై నాలుగు రోజుల తేడాతో ఏడాది పోగొట్టుకున్న పిల్లలున్నారు.

బ్రాంచుల పేర్లు మారడం గురించి ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోవద్దు. కమ్యూనిటీ డెంటిస్ట్రీ పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అయింది. పిల్లల పళ్ల బ్రాంచి పెడోడాంటిక్స్ నుంచి పీడియాట్రిక్ డెంటిస్ట్రీ అయింది. పాత పేరుతో డిగ్రీ తీసుకున్నవాళ్లు ఇప్పటికీ ప్రొఫెసర్లుగా పనిచేస్తున్నారు. 2017 నియమాల ప్రకారం ఎండీఎస్‌కు తొమ్మిది బ్రాంచులున్నాయి. ఇంప్లాంట్లు అందులో విడి బ్రాంచి కాదు.

ఆ ఫెలోషిప్ ఆయనకు మీరు చెప్పాల్సిన జవాబూ అదే. ఇంప్లాంట్ కోర్సు చేస్తే చేయి తిరుగుతుంది, చేయడంలో తప్పులేదు. కానీ అది ఎండీఎస్‌తో సమానం కానే కాదు. దాంతో కాలేజీలో రీడర్ (అధ్యాపక) పోస్టు రాదు, కౌన్సిల్‌లో అదనపు అర్హతగా ఎక్కదు, బోర్డు మీద స్పెషలిస్టు అని రాస్తే నైతిక నియమాల కింద తప్పవుతుంది. సమానమేనని చెప్పి డబ్బు కట్టించుకోవడం మోసం. నిజంగా పొట్టిదారి కావాలంటే చట్టంలోనే ఒకటి ఉంది: గుర్తింపు ఉన్న రెండేళ్ల పీజీ డిప్లొమా చేసినవాళ్లకు అదే బ్రాంచిలో ఎండీఎస్ మూడేళ్లకు బదులు రెండేళ్లే. రెండూ కలిపితే నాలుగేళ్లు కాబట్టి నేను సామాన్యంగా దీన్ని సూచించను.

యూనివర్సిటీ పేరు విషయంలో మీకు నిద్ర చెడాల్సిన పనిలేదు. విజయవాడలోని ఆ ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో మొదలైంది, తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరుకు మార్చారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అయింది. సంస్థ ఒక్కటే. మన రాష్ట్రంలో అందరికీ తెలిసిన సంగతే గానీ, దుబాయిలోనో, ఇంగ్లండులోనో కాగితాలు చూసే గుమాస్తాకు తెలియదు. రెండు పేర్లూ ఒకే విశ్వవిద్యాలయానివని యూనివర్సిటీ నుంచి లేఖ అడిగి తీసుకుని మార్కుల జాబితాలతో కలిపి పెట్టండి. చదువు మీద పెట్టాల్సిన శ్రద్ధ పిల్లలు ఇలాంటి కాగితాల మీద పెట్టాల్సి రావడం నాకు బాధగానే ఉంది.

ఇక అప్పు. మీరు అసలు భయపడాల్సిన చోటు ఇదే. కాలేజీకి గుర్తింపు ఉంటే చాలదు. ఎండీఎస్‌లో ప్రతి బ్రాంచికీ, ప్రతి సీటుకూ విడిగా చూడాలి. పాత చట్టం పద్ధతిలో కొత్త బ్రాంచికి ముందు అనుమతి మాత్రమే ఇస్తారు. మొదటి బ్యాచి ఫైనల్ పరీక్ష రాసేటప్పుడు తనిఖీ చేసి అప్పుడు గుర్తింపు ఇస్తారు. కొత్తగా మొదలైన డిపార్టుమెంటులో చేరితే ఆ మధ్యకాలపు జూదం మీ తోట మీద ఆడినట్టే. ఓరల్ సర్జరీకైతే ఇంకోటి కూడా చూడాలి: పూర్తి మత్తిచ్చి చేసే ఆపరేషన్లు సొంత ఓటీలో జరుగుతున్నాయా, ఏదైనా పెద్ద ఆసుపత్రితో ఒప్పందం ఉందా, లేక పీజీలు మూడేళ్లూ పళ్లు పీకుతూనే ఉన్నారా? ప్రిన్సిపాల్‌ను అడిగితే అంతా బాగుందనే అంటారు. రెండో ఏడాది పీజీని క్యాంటీన్ దగ్గర పట్టుకుని పాపనే అడగమనండి. స్టైపెండ్ నిజంగా బ్యాంకులో పడుతోందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

డబ్బు సర్దుబాటు కాకపోతే బీడీఎస్‌తో ఆగినా నామోషీ ఏమీ లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టుకు బీడీఎస్ చాలు. ఒక ఏడాది మంచి క్లినిక్‌లో పనిచేస్తూ మళ్లీ నీట్ రాసి మెరుగైన ర్యాంకుతో కన్వీనర్ కోటాలోకి (ర్యాంకును బట్టి తక్కువ ఫీజుకు ఇచ్చే సీట్లు) వచ్చినవాళ్లను చూశాను. రెండేళ్లు ఆగుదామా అన్నారు కదా. గొడవ తేలడం కోసమైతే ఒక్క రోజు కూడా వద్దు, ర్యాంకు కోసమైతే ఒక ఏడాది ఆగవచ్చు.

కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టే ముందు ప్రతి కాలేజీలో ఆ బ్రాంచి గుర్తింపు ఉత్తర్వు నకలు అడగండి. ఉత్తర్వులో సీట్ల సంఖ్య ఎంతుందో, వాళ్లు చేర్చుకుంటున్న సంఖ్య ఎంతో పోల్చి చూడండి. నకలు ఇవ్వం, మా మీద నమ్మకం లేదా అనే కాలేజీ ఉంటే దాన్ని జాబితాలో కిందికి కూడా దించొద్దు, పూర్తిగా తీసేయండి.