మీ అత్తగారు పడవ ఎందుకు దిగలేదు?

అమ్మా,

అభిప్రాయం చెప్పమని నువ్వు పంపిన మాల్టా దీవుల యాత్రావ్యాసం చదివాను. ముందు కోపం సంగతి చెప్పేస్తాను, దాన్ని కడుపులో పెట్టుకుని పైకి మంచిమాటలు రాయడం నాకు చేతకాదు. మూడో పేజీలో గోజో దీవి గురించి రాస్తూ, ద్వేరా దగ్గర సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతి తోరణం అజూర్ విండోని 'కళ్లారా చూసి పులకించిపోయాం' అన్నావు. మీరు వెళ్లింది పోయిన వేసవిలో. ఆ తోరణం 2017 మార్చి 8న గాలివానకు కూలి సముద్రంలో కలిసిపోయింది. నువ్వు చూసింది ఏదో పాత వెబ్‌సైట్‌లో ఫొటో. చూడనిదాన్ని చూశానని రాస్తే ఏమవుతుందో తెలుసా? నిజంగా చూసినవాటిని కూడా పాఠకుడు నమ్మడు. ఆ తర్వాతి పేజీలన్నీ నేను అనుమానంతోనే చదివాను.

అసలు బాధ ఏమిటంటే, నీకు ఆ అబద్ధం అవసరమే లేదు. అదే ద్వేరాలో, ఆ తోరణం ఉన్నచోటికి కూతవేటు దూరంలో, ఇన్‌లాండ్ సీ అని చిన్న ఉప్పునీటి మడుగు ఉంది. దానికీ సముద్రానికీ మధ్య కొండలో ఇరుకు సొరంగం. చిన్న మోటారు పడవల్లో మనుషుల్ని ఎక్కించుకుని ఆ చీకట్లోంచి అవతలి వెలుగులోకి తీసుకెళ్తారు. మీరూ వెళ్లారు. ఒకే ఒక్క వాక్యం రాశావు: 'సొరంగంలో చీకటి కమ్మగానే బాబు నా చున్నీ కొస నోట్లో పెట్టుకున్నాడు.' ఆ వాక్యం బాగుంది. వ్యాసం మొత్తంలో అక్కడే నేను మీ పడవలో కూర్చున్నాను.

ఇక నన్ను కూర్చోబెట్టి ఈ ఉత్తరం రాయించినవి వేరే రెండు వాక్యాలు. ఒకటి రాజధాని వలెట్టా గురించి రాసిన చోట: 'అత్తయ్యగారికి సెయింట్ పాల్ చర్చి చూడాలని ఉంది కానీ టైమ్ కుదరలేదు.' రెండోది, రెండు పేజీల తర్వాత, కొమినో దీవి దగ్గర: 'అత్తయ్యగారు పడవ దిగలేదు.' అంతే. ఆవిడని అక్కడ పడవలో వదిలేసి, బ్లూ లగూన్ నీళ్లు నీలమణుల్లా ఎలా మెరుస్తున్నాయో పేరాన్నర రాశావు. ఆ నీళ్ల రంగు ప్రతి బ్రోషర్లోనూ ఉంది తల్లీ. మీ అత్తగారు ఏ బ్రోషర్లోనూ లేదు.

నువ్వే మొదటి పేజీలో రాశావు, ఆవిడ బాపట్ల నుంచి డబ్లిన్ వచ్చిందని, సూట్‌కేసులో గోంగూర పచ్చడి సీసా పక్కన అట్ట చిరిగిన బైబిలు ఉందని. ఆ బైబిలు ఒకసారి తెరిచి చూడు. అపొస్తలుల కార్యములు చివరి రెండు అధ్యాయాలు. ఖైదీగా రోమాకి తీసుకెళ్తున్న పౌలు (నువ్వు రాసిన సెయింట్ పాల్ ఆయనే) ఉన్న ఓడ తుపానులో చిక్కుకుని పగిలిపోతుంది. అందులో 276 మంది. ఈదినవాళ్లు ఈది, పలకలు పట్టుకున్నవాళ్లు పట్టుకుని, అందరూ ప్రాణాలతో ఒడ్డుకి చేరతారు. వాన, చలి. ఆ దీవి జనం నిప్పు రాజేసి వాళ్లని ఆదరిస్తారు. పౌలు కట్టెలు ఏరి నిప్పులో వేస్తుంటే వేడికి పాము బయటికొచ్చి చేతిని పట్టుకుంటుంది, ఆయన దాన్ని మంటలోకి విదిలించేస్తాడు. ఆ దీవి పేరు తెలుగు బైబిల్లో మెలితే. మీరు సెలవులకి వెళ్లిన మాల్టా అదే.

మీకు అది ఆఫర్‌లో దొరికిన ఫ్లైట్ టికెట్టు. ఆవిడకి చిన్నప్పట్నుంచీ ఆదివారం బడిలో విన్న ఊరు. వలెట్టాలో ఆ ఓడ పగిలిన కథ పేరుతోనే చర్చి ఉంది, సెయింట్ పాల్ వీధిలో. పౌలు మణికట్టు ఎముక అని అక్కడివాళ్లు నమ్మేదాన్ని అందులో భద్రంగా దాచుకున్నారు. కరవాజ్జో 1608లో వేసిన పెద్ద పెయింటింగ్ చూడ్డానికి మీరు సెయింట్ జాన్ కేథడ్రల్‌కి వెళ్లారు కదా, అక్కణ్ణుంచి పది నిమిషాల నడక కూడా లేదు. అప్పర్ బరాక్కా తోటలో మధ్యాహ్నం పన్నెండు గంటల ఫిరంగి పేల్చడం చూడాలని ముప్పావుగంట ఎండలో నిలబడ్డామని నువ్వే రాశావు. మరి టైమ్ ఎక్కడ కుదరలేదు?

కోడలిగా నిన్ను నిలదియ్యడం లేదు, మీ ఇంటి సంగతులు నాకెందుకు. నాలుగేళ్ల పిల్లాడు ఎండకి రాగాలు తీస్తుంటే, కింద హార్బర్లో పడవ టైము తరుముతుంటే, ఎవరైనా అలాగే చేస్తారు. నేను మాట్లాడుతున్నది రచయితతో. ఫిరంగికి టైమ్ దొరికి చర్చికి దొరకకపోవడం, ఆ మర్నాడు ఆవిడ పడవ దిగకపోవడం, నీ వ్యాసం అంతా అదే. మిగిలింది గూగుల్ చేస్తే వచ్చేస్తుంది.

నాకు ఒక పట్టుదల ఉంది, దానివల్ల చాలామందితో చెడింది కూడా: ఇంటిల్లిపాదితో వెళ్లి, ఒంటరిగా వెళ్లినట్టు రాయకూడదు. మన యాత్రావ్యాసాల్లో నూటికి తొంభై ఇలాగే ఉంటాయి. ఫొటోల్లో పదిమంది ఉంటారు, వ్యాసంలో 'నేను' ఒక్కడే ఉంటాడు. వాడికి మోకాళ్లు నొప్పి పుట్టవు, ఆకలి వెయ్యదు, వాడి జేబులో డబ్బులు లెక్కపెట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. గుడి నుంచి కోటకి, కోట నుంచి బీచ్‌కి వాడు తేలిపోతూ ఉంటాడు. కుటుంబంతో వెళ్లినవాడు ఏ ఊరినైనా అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి వేగంతోనే చూస్తాడు. ఆ వేగంలోనే రాయాలి. బాత్రూమ్ ఎక్కడుందో వెతికిన పదిహేను నిమిషాలు కూడా ఆ ఊరే.

దీని వెనక ఒక కథ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మనీ, ఇద్దరు పిన్నుల్నీ రామేశ్వరం తీసుకెళ్లాను. పాంబన్ వంతెన మీద రైలు నత్తలా నడుస్తుంటే పెట్టెలో అందరూ కిటికీల దగ్గరికి ఎగబడ్డారు. మా అమ్మ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, టిఫిన్ క్యారియర్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, వంతెన దాటేదాకా ఆంజనేయ దండకం చదువుతూనే ఉంది. అవతలి ఒడ్డు రాగానే కళ్లు తెరిచి క్యారియర్ మూత తీసి చూసింది, పులిహోర ఒలికిందేమోనని. ఆ సంగతంతా రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయింది. వంతెన 1914లో మొదలైందనీ, రెండు కిలోమీటర్ల పైన పొడవుందనీ ఉంది. మా అమ్మ లేదు. ఎడిటర్ని అడిగితే, 'మీ అమ్మగారి భయం పాఠకుడికి ఏం ఉపయోగం అండీ, వసతి వివరాలు ఉంటే చెప్పండి, బాక్స్ కట్టి వేద్దాం' అన్నాడు. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ కాగితం నా బీరువాలో ఇంకా ఉంది. వంతెన పొడవు ఎవరైనా చెప్తారు. ఆ పులిహోర సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ బాక్సుల జబ్బు ఇప్పటికీ పోలేదు. అప్పుడు ఆదివారం అనుబంధాల్లో 'ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, ఏం తినాలి' అని మూడు బాక్సులు. ఇప్పుడు 'తప్పక చూడాల్సిన 10 ప్రదేశాలు'. నువ్వూ చివర్లో ఒకటి పెట్టావు. అందులో హైపోజియం ఉంది. నేల కింద తొలిచిన ఆ ప్రాచీన సమాధుల్లోకి గంటకి పదిమందిని మాత్రమే పంపుతారు, ఆరేళ్లలోపు పిల్లల్ని అసలు రానివ్వరు. మీ బాబుకి నాలుగేళ్లు. అంటే మీరందరూ కలిసి వెళ్లలేదు. అసలు వెళ్లకపోతే ఆ పేరు తీసేయ్. వెళ్లి ఉంటే ఒకరు బాబుతో బయటే ఉండిపోయారు కదా, ఎవరు? అప్పుడు కూడా ఆవిడేనా? చూడు, ఒక్క టికెట్టు నిబంధనలోంచి ఎంత కథ వస్తుందో.

వివరాలు వద్దని కాదు నేననేది. నాకు వివరాలంటే ప్రాణం. కానీ అవి ఎవరో ఒకరికి తగలాలి. గోజోకి చిర్కెవ్వా రేవులో ఫెర్రీ ఎక్కేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. మేం వెళ్లినప్పుడు మా అబ్బాయి కౌంటర్ వెతుక్కుంటూ అటూ ఇటూ తిరిగి, ఫెర్రీ వెళ్లిపోతుందేమోనని ఒకటే టెన్షన్ పడ్డాడు. మీరేం చేశారు? మోస్తా చర్చి గుమ్మటం కొలతలు ఇచ్చావు, ఎక్కణ్ణుంచో ఎత్తి రాసినట్టు తెలిసిపోతోంది. 1942 ఏప్రిల్ 9న ఆ గుమ్మటాన్ని చీల్చుకుని బాంబు లోపల పడింది. రెండువందల యాభై మంది పైగా ప్రార్థనకి కూడి ఉన్నారు. అది పేలలేదు. అలాంటి బాంబునే అక్కడ చూపిస్తారు. దాని ముందు మీ ఆయన బాబుకి ఏమని చెప్పాడు? ఆవిడ ఏమంది? ఆవిడలాంటి మనిషి అక్కడ ఏమీ అనకుండా ఉందంటే నేను నమ్మను. విని ఉంటావు, రాయడానికి పనికిరాదనుకుని ఉంటావు.

టూర్లు అమ్మేవాళ్ల గురించి ఒక్కమాట, నీ వ్యాసంలో అది కూడా లేదు కాబట్టి. మాల్టా దీవి పొడవు 27 కిలోమీటర్లే. అందుకని ఒక్కరోజులో అన్నీ చుట్టేయొచ్చని అమ్ముతారు, పొద్దున పాత కోటనగరం మ్దీనా, మధ్యాహ్నం మోస్తా, సాయంత్రం హార్బర్ క్రూయిజ్. చిన్న దీవే కానీ రోడ్ల మీద ట్రాఫిక్ చిన్నది కాదు. బస్సు కోసం స్లీమా బస్టాపులో కూర్చున్న సేపట్లో, ఆ బస్సెక్కాక, అప్పుడే మా ఆవిడ మాల్టాని చూసిందంటాను నేను. వచ్చిన బస్సు డ్రైవరు నిజామాబాద్ కుర్రాడు, మా తెలుగు మాటలు విని ఉండబట్టలేక 'ఎక్కడికి పోవాలమ్మా' అన్నాడు. అంతే, ఆ ప్రయాణం అయ్యేలోపు అద్దె ఎంత, ఇంటికి ఎంత పంపుతున్నాడు, పెళ్లెప్పుడు, అన్నీ కనుక్కుంది. దిగాక నాతో అంది, 'ఈ పిల్లాడు వచ్చి రెండేళ్లయిందట, ఆ నీలం నీళ్ల దగ్గరికి ఇంకా వెళ్లలేదట' అని. నేను మాల్టా గురించి ఎక్కడ రాసినా ఆ కుర్రాడు లేకుండా రాయను.

మళ్లీ మీ పడవ దగ్గరికి వస్తాను. కొమినోలో చెట్టు నీడ ఉండదు. రాళ్ల మీద గొడుగులు, కుర్చీలు, అద్దెలు. జనం మరీ ఎక్కువై 2025 నుంచి దిగేవాళ్లు ముందే స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ నిచ్చెన దిగి ఆ రాళ్ల మీదికి వెళ్లకపోవడంలో వింతేమీ లేదు, బహుశా కారణం అంతే అయి ఉండొచ్చు. కానీ నువ్వు అడగలేదు. అడిగి ఉంటే ఇంకో సంగతి తెలిసేదేమో. మీరు స్లీమాలో ఎక్కామని రాశావు. స్లీమా నుంచి కొమినో వెళ్లే పడవలు సెయింట్ పాల్స్ బే ఎదురుగా సాగుతాయి. అక్కడ మనుషులు లేని చిన్న దీవి, దాని మీద నీళ్ల వైపు చూస్తున్న పెద్ద తెల్లటి విగ్రహం. పౌలుదే. ఆ ఓడ అక్కడే పగిలిందని మాల్టా వాళ్ల నమ్మకం. నువ్వు అప్పుడు బాబుకి సన్‌స్క్రీన్ రాస్తున్నావో, సెల్ఫీ తీసుకుంటున్నావో. ఆవిడ ఏ వైపు కూర్చుంది? చూసిందా? చూస్తే అదేమిటో ఎవరైనా చెప్పారా, తనకే తెలిసిపోయిందా? చర్చి దక్కని మనిషికి పడవలోంచి అది కనిపించి ఉంటే, ఇక దిగాల్సిన అవసరం ఏముంది అనుకుందేమో. నేను ఊహిస్తున్నాను, ఊహలు నా పని కాదు ఇక్కడ. నువ్వు ఫోన్ చేసి అడుగు. మొహమాటపడకు, వ్యాసం కోసమని చెప్పకు, ఊరికే పడవ గురించి మాట్లాడు, ఆవిడే చెప్తుంది. కనిపించలేదంటే కనిపించలేదనే రాయి. అది కూడా చాలు.

నువ్వడిగిన మిగతావి, ఏ పత్రికకి పంపాలి, పుస్తకంగా వెయ్యొచ్చా, శీర్షిక ఎలా ఉంది, వాటికి ఇప్పుడు జవాబు చెప్పను. తిరగరాసేటప్పుడు చున్నీ వాక్యం మీద మాత్రం చెయ్యి వెయ్యకు. కొత్తది పొడుగైతే అవనీ, సైజు గురించి ఎడిటర్లు చూసుకుంటారు, వాళ్లకి అదొక్కటే పని. నాకు మాత్రం ఫోన్లోకి పంపకు, కళ్లు లాగుతున్నాయి. ప్రింట్ తీయించి, పక్కన బాగా మార్జిన్ వదిలి, పోస్టులో పంపు.