దామగుండం నేవీ స్టేషన్ వల్ల మన వైపు అణుబాంబు ముప్పు పెరుగుతుందా?

సముద్రమే లేని వికారాబాద్ జిల్లాలో నేవీకి ఏం పని, పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే దామగుండం చుట్టుపక్కల ఊళ్ల మీద బాంబు వేయరా అని కొందరు నన్ను అడిగారు. మాది కొడంగల్ దగ్గర పల్లె. నేవీలో కమ్యూనికేషన్ విభాగంలో పనిచేశాను. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో మా చిన్నమ్మ కూడా టెన్షన్‌తో ఫోన్ చేసి, "మన దిక్కు గూడ ఏస్తరా బిడ్డా?" అని అడిగింది.

అక్కడ కట్టేది సబ్‌మెరైన్లకు సందేశాలు పంపే వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో కేంద్రం. బాంబులు, అణు పదార్థం అక్కడ ఉండవు. మామూలు రేడియో తరంగాలు సముద్రపు నీళ్లలోకి దిగవు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా పోతాయి. వాటి పొడవే 10 నుంచి 100 కిలోమీటర్లు, అందుకే అంత పెద్ద టవర్లు, అంత భూమి. మేం ఓడ మీద రాత్రి వాచ్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని కోడ్ అక్షరాలు రాసుకునేవాళ్లం. గరగరలో ఒక్క అక్షరం పోయినా మళ్లీ పంపమనేవాళ్లం. సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. నోరు తెరిస్తే ఎక్కడున్నారో శత్రువుకు తెలిసిపోతుంది. వాళ్లు వినడమే.

2003 జనవరి 4న ప్రకటించిన విధానం ప్రకారం మనం ముందుగా అణ్వాయుధం వాడం. మన మీద వాడితే మాత్రం తట్టుకోలేనంత దెబ్బ తిరిగి కొడతాం. పాకిస్తాన్ అలాంటి మాట ఇవ్వలేదు. ముందు కొట్టనని మాట ఇచ్చిన దేశానికి, దెబ్బ తిన్నాక కూడా బలం మిగలాలి. ఆ బలం అణు క్షిపణులతో సముద్రంలో దాగిన అరిహంత్ లాంటి మన సబ్‌మెరైన్లలో ఉంది. ఢిల్లీ ఆదేశం వాటికి చేరకపోతే అవి ఉన్నా లేనట్టే. 1990 నుంచి తిరునెల్వేలి జిల్లాలోని ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ ఈ పని చూస్తోంది. కేంద్రం ఒక్కటే ఉంటే, దాన్ని లేపేస్తే చాలన్న ఆశ అవతలివాడికి పుడుతుంది. రెండోది అవసరమేనని నేను గట్టిగా నమ్ముతాను.

గురి అవుతుందా అంటే, అవుతుంది. యుద్ధ ప్రణాళిక వేసే ఎవరైనా ఇలాంటి కేంద్రాన్ని లెక్కలో పెట్టుకుంటారు. అణు కేంద్రాల మీద దాడి చేయొద్దని రెండు దేశాలు 1988లో ఒప్పందం చేసుకున్నాయి, ఏటా జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. కానీ అది రియాక్టర్లు, ఇంధన కర్మాగారాల వంటి వాటికే. రేడియో కేంద్రం అందులోకి రాదు. అయితే పాకిస్తాన్ షాహీన్-3 క్షిపణి పరిధి 2,750 కిలోమీటర్లు. డీఆర్‌డీవో రక్షణ పరిశోధన ల్యాబులు, క్షిపణులు తయారుచేసే బీడీఎల్ ఉన్న హైదరాబాద్ మనకు ఎంత దూరం? ఈ స్టేషన్ రాకముందు కూడా పాలమూరు వైపు భద్రంగా ఏమీ లేదు.

నాకు అసలు దిగులు వేరే ఉంది. ఇప్పటిదాకా మన విధానం ముందు వాడకపోవడమే, రేపు ఏమవుతుందన్నది పరిస్థితులను బట్టి ఉంటుందని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2019 ఆగస్టులో పోఖ్రాన్‌లో అన్నారు. 2024 అక్టోబర్ 15న దామగుండంలో శంకుస్థాపన చేసిందీ ఆయనే. మనం ఆ మాట తప్పితే, మనకంటే ముందే కొట్టేయాలన్న తొందర అవతలివాడికి పుడుతుంది. అప్పుడు ఎన్ని టవర్లు ఉన్నా మనల్ని కాపాడలేవు.

ఇక అడవి సంగతి. ఈ స్టేషన్‌కు పోయేది 2,900 ఎకరాలు, పక్కనే మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు. గొర్రెలు ఎక్కడ మేపుకోవాలి, అక్కడి రామలింగేశ్వర స్వామి గుడికి దారి ఉంటుందా, చెట్లకు బదులు చెట్లు ఎక్కడ పెడతారు అని అడిగేవాళ్లను దేశభక్తి లేనివాళ్లంటే నాకు కోపం వస్తుంది. అడగండి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి.