ప్రశ్న: నేను ఆడిన చెస్ గేముల్లో తప్పులు ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే చెస్ ప్రోగ్రాం) చూపిస్తుంది కదా, అది చాలదా?

చాలదండీ. ఇంజిన్ ఎర్రగుర్తు పెడుతుంది. ఆ ఎత్తు వేసేటప్పుడు మీ బుర్రలో ఏం తిరుగుతోందో దానికేం తెలుసు?

మా అక్క కొడుకు తొమ్మిదో క్లాసు. గుంటూరులో ఆదివారం టోర్నమెంట్లు ఏవున్నా వదలడు. మొన్న ఒక గేములో ఎదుట కూర్చున్నది రిటైరైన మాస్టారొకాయన. మావాడు ఇటాలియన్ ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) గడగడా అప్పజెప్పేశాడు, ఒక బంటు లాగాడు, దొరికినవన్నీ మార్చేసుకున్నాడు. చివరికి మిగిలింది ఇదీ: వాడి తెల్ల రాజు డీ3లో, తెల్ల బంటు ఈ2లో, మాస్టారి నల్ల రాజు డీ7లో (అక్షరం నిలువు వరసకి, అంకె అడ్డ వరసకి గుర్తు). ఎత్తు మావాడిది.

గెలిచిన గేమ్ అది. రాజును డీ4కో ఈ4కో ఎక్కిస్తే చాలు. బంటు ఈ2లో ఉండగా రాజు నాలుగో వరసలో డీ, ఈ, ఎఫ్ గళ్ళలో ఏదో ఒకటి పట్టాడంటే ఇక నల్ల రాజు ఏం చేసినా ఆ బంటు మంత్రి అయి తీరుతుంది. నల్ల రాజు ఎదురొచ్చి నిలబడ్డాడా, అప్పటిదాకా దాచుకున్న ఈ3 ఎత్తు తీయాలి, అంటే బంటును ఒక్క గడి తోయాలి. ఇక ఎత్తు ఆయనది కాబట్టి తప్పుకోవాల్సింది ఆయనే.

మావాడు టప్‌మని బంటునే రెండు గళ్ళు తోసి, గడియారం నొక్కి, కిటికీ దగ్గరున్న నావైపు చూశాడు, అయిపోయిందన్నట్టు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని రాజును బంటుకి అడ్డం తెచ్చారు. బంటు ఈ6 దాకా వచ్చింది, దాని వెనకే తెల్ల రాజు ఈ5లో. ఈ7లో ఉన్న నల్ల రాజు వెనక్కి తగ్గాలి. డీ8కో ఎఫ్8కో జరిగితే ఓటమే. ఆయన రాజు నెత్తి రెండు వేళ్ళతో పట్టుకుని నిటారుగా ఈ8కి లాగారు. మావాడు డీ6, ఆయన డీ8. బంటు తోసి చెక్, ఆయన మళ్ళీ ఈ8. ఇప్పుడు మావాడి రాజు ఈ6కి వెళ్తే స్టేల్‌మేట్ (చెక్ లేకపోయినా ఎదుటివాడికి వేయడానికి ఎత్తే ఉండదు), వెళ్ళకపోతే బంటు పోతుంది. ఎటైనా డ్రానే.

ఇంటికొచ్చాక ఫోన్ చూపించాడు. "మావయ్యా, ఓపెనింగ్ అంతా కరెక్టేనంట, ఒక్కటే బ్లండర్, పెద్ద తప్పు." సరే, అక్కడ ఏం ఆడాలిరా అంటే "రాజు డీ4" అన్నాడు. ఎందుకురా అంటే నీళ్ళు నమిలాడు. రేపు బంటు సీ నిలువు వరసలో ఉంటే మళ్ళీ తోస్తాడు, చూడండి.

వాణ్ని అని లాభం లేదు. మన దగ్గర ఏది నేర్పినా చివరికి ఎంసెట్ మెటీరియల్ లాగే తయారవుతుంది. ఓపెనింగులైతే బట్టీ పట్టించి ఇంట్లోవాళ్ళ ముందు అప్పజెప్పించొచ్చు, ఫీజుకి న్యాయం జరిగినట్టుంటుంది. ఒక రాజు, ఒక బంటు పెట్టుకుని గంటసేపు కూర్చోబెడితే ఏ తల్లిదండ్రులు ఊరుకుంటారు? 1921 నుంచి 1927 దాకా ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న క్యాపబ్లాంకా అంతటివాడే ముందు ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలే చివరి ఆట) నేర్చుకోమన్నాడు. ఎవరు వింటారు? హాలు బయట వరండాలో కూర్చున్న పేరెంట్స్ మాత్రం మన గుంటూరు హరికృష్ణ 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడనీ, కోనేరు హంపి 2019లో, 2024లో మహిళల ర్యాపిడ్ (తక్కువ టైములో ఆడే ఆట) ప్రపంచ టైటిల్ కొట్టిందనీ ఒకరికొకరు చెప్పుకుంటారు. హంపికి వాళ్ళ నాన్న అశోక్ గారు దగ్గర కూర్చుని ఆట నేర్పారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు. పిల్లాడు బయటికి రాగానే అడిగేది "గెలిచావా?" అనే.

మీరడిగినదానికి వస్తే, ఇంజిన్ తెరిచే ముందే స్కోర్ షీట్ (ఆడిన ఎత్తులు రాసుకున్న కాగితం) తీసి, ఆట మలుపు తిరిగిందనుకున్న ఎత్తుల పక్కన అది ఎందుకు వేశారో రాసుకోండి. "తోచక" అయితే "తోచక" అనే రాయండి. ఆ తర్వాత ఇంజిన్‌తో పోల్చుకోండి. అది తప్పంటే ఆ పొజిషన్ పేర్చి రెండు వైపులా మీరే ఆడి చూడండి.

మావాడితో ఇప్పుడు అదే చేయిస్తున్నా, నల్ల రాజు వాడికిచ్చి. విసుక్కుంటున్నాడు. వాళ్ళమ్మేమో వచ్చే టోర్నమెంట్‌కని ఇంకో ఓపెనింగ్ కోర్సు కొనేసింది.