యంత్రం కుదిరింది, తూటా కుదరలేదు

ప్రశ్న: 1908లోనే మెక్సికో సైన్యం తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిల్ తీసుకుందట. మరి రెండో ప్రపంచ యుద్ధంలో కూడా చాలా దేశాల సిపాయిలు ఒక్కో తూటాకు ఒక్కోసారి బోల్ట్ ఎందుకు లాగారు?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: అది మోండ్రగాన్ రైఫిల్. తయారుచేసింది స్విట్జర్లాండ్‌లోని సిగ్ కంపెనీ. గొట్టానికి చిన్న రంధ్రం ఉంటుంది. తూటా దాన్ని దాటగానే వెనకున్న వాయువు అందులోంచి వచ్చి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ బోల్ట్ (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) తాళం విప్పి వెనక్కి నెడుతుంది. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడుతుంది. స్ప్రింగు బోల్ట్‌ను మళ్లీ ముందుకు తోస్తుంటే కొత్త తూటా ఎక్కుతుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలేది ఒక్కటే కాబట్టి దీన్ని సెమీ ఆటోమేటిక్ అనాలి.

చిక్కు సమయం దగ్గర వస్తుంది. ఒత్తిడి తగ్గకముందే బోల్ట్ తెరుచుకుంటే, ఇత్తడి తొడుగు ఇంకా గొట్టం గోడలకు అతుక్కునే ఉంటుంది. తొడుగును లాగే బోల్ట్ కొక్కెం దాని అంచును చింపుకొస్తుంది, తొడుగు లోపలే మిగిలిపోతుంది. మట్టి పడితే ఇంకో తంటా: బోల్ట్ సగంలోనే ఆగుతుంది. అందుకే మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు మోండ్రగాన్‌లను కందకాల్లో కంటే విమానాల్లోని పరిశీలకులకే ఎక్కువ వాడారు. అమెరికాలో తుపాకుల రూపకర్త పెడర్సన్, తొడుగు సులువుగా జారాలని తూటాలకు మైనం పూత వేయించాడు. సైన్యం మాత్రం పూత అక్కర్లేని గారండ్ రైఫిల్‌నే 1936లో తీసుకుంది. అదీ 8 తూటాల సెమీ ఆటోమేటికే.

ఇక ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరుసగా పేలే ఆటోమేటిక్‌కు అసలు అడ్డంకి తూటానే. అప్పటి తూటాలు చాలా దూరం కొట్టడానికి చేసినవి. 4 కిలోల తుపాకీలో వాటిని వరుసగా పేలిస్తే రెండో మూడో దెబ్బకే గొట్టం ఆకాశం చూస్తుంది. బరువు పెంచుదామంటే 1918 నాటి బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిల్ 7 కిలోలు దాటింది. మ్యాగజైన్‌లో 20 తూటాలే, రెండు మూడు సెకన్లలో ఖాళీ. తూటా బలమే తగ్గించాలన్న కిటుకు ముందే పట్టినవాడు రష్యాకు చెందిన తుపాకుల రూపకర్త ఫ్యోదొరోవ్. వెనక్కి తక్కువగా తన్నే జపాన్ 6.5 మి.మీ. తూటాను ఎంచుకుని, 25 పట్టే మ్యాగజైన్ పెట్టాడు. 1916లో ఆ తుపాకులు యుద్ధరంగానికి వెళ్లాయి. కానీ మొత్తం తయారైనవి 3,200 వరకే. ఆ తర్వాత జర్మన్లు 7.92 మి.మీ. తూటా తొడుగును 57 నుంచి 33 మి.మీ.కు కుదించాకే స్టుర్మ్‌గెవేర్ 44 అనే ఆటోమేటిక్ రైఫిల్ పెద్ద ఎత్తున వచ్చింది.

ప్రశ్న: పాత త్రీనాట్‌త్రీనే ఆటోమేటిక్‌గా మార్చి ఉండొచ్చు కదా?
– పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: మార్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూజిలాండ్‌కు చెందిన చార్ల్‌టన్ పాత లీ ఎన్‌ఫీల్డ్‌లను (మనం త్రీనాట్‌త్రీ అనేవి) సుమారు 1,500 అలా మార్పించాడు. బరువు 7 కిలోలు దాటింది. త్రీనాట్‌త్రీ తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకొని ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడిందా, రెండూ కొక్కెంలా తగులుకుంటాయి, బోల్ట్ కదలదు. అదే తూటా వాడే బ్రెన్ అనే లైట్ మెషిన్ గన్ మ్యాగజైన్ వంపు తిరిగి ఉండటం ఈ అంచు వల్లే. అందులో 30 పట్టినా 28 నింపేవారు. మన ఇషాపూర్ ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) తూటాకు ఈ అంచు లేదు. ఇక్కడ చాలామంది దాన్ని ఆటోమేటిక్ అనేస్తారు గానీ, అదీ సెమీ ఆటోమేటికే.