విదేశీ కంపెనీ ఉపగ్రహాలైతే మన రాకెట్‌ను వేరేగా సిద్ధం చేస్తారా?

"డబ్బు కట్టే విదేశీ కస్టమర్ కోసం రాకెట్‌ను ప్రత్యేకంగా తయారు చేస్తారా? లాంచ్‌కి ముందు అన్ని వారాలు ఏం చేస్తుంటారు?" అని అడిగారు. శ్రీహరికోటలో అసెంబ్లీ పనుల్లో టెక్నీషియన్‌గా కొన్నేళ్లు ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

రాకెట్ దాదాపు అదే. 2022 అక్టోబర్ 23న అర్ధరాత్రి దాటి 12:07కి బ్రిటన్ కంపెనీ వన్‌వెబ్ ఉపగ్రహాలతో లేచిన మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3నే తీసుకోండి. చంద్రయాన్-2ని మోసుకెళ్లిందీ ఆ రకం రాకెట్టే. అటూ ఇటూ ఘన ఇంధనం నింపిన ఎస్200 బూస్టర్లు నిలబెట్టి, వాటి మధ్యకు ద్రవ ఇంధనంతో నడిచే ఎల్110 దశను దించి, దాని మీద అతి చల్లటి ద్రవ హైడ్రోజన్, ఆక్సిజన్‌తో నడిచే క్రయోజెనిక్ దశ పెడతారు. మారేదల్లా పైభాగం. ఆ సారి 36 ఉపగ్రహాలు, మొత్తం 5,796 కిలోలు. ఒకదానికొకటి తగలకుండా నాలుగు చొప్పున తొమ్మిది విడతల్లో వదలాలి. దానికోసం క్రయో దశ విడతకోసారి దిశ మార్చుకుంటూ పోవాలి. మొదటి 16 విడిపోయినట్టు తెలిశాక, మిగతా 20 సంగతి తెలియడానికి కాసేపు ఆగాల్సి వచ్చింది. టెన్షన్ అంటే అదీ!

ఇక ఆ వారాల సంగతి. బోల్టు బిగించడానికి పట్టే టైమ్ కంటే, బిగించామని రుజువు చేయడానికి పట్టే టైమ్ ఎక్కువ. ఒకరు టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగిసిందో చూపే పానా) బిగిస్తే, పక్కన క్వాలిటీ మనిషి నిలబడి రీడింగ్ చూసి సంతకం పెడతాడు. పైకి తీసుకెళ్లే ప్రతి పనిముట్టూ లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రిజిస్టర్‌లో ఎక్కాలి. ఎగిరే ముందు తీసేయాల్సిన మూతలకు, పిన్నులకు ఎర్ర ట్యాగులుంటాయి. చివర్లో వాటిని లెక్కపెడతారు. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా ఎవరూ ఇంటికెళ్లరు. ఉపగ్రహాలను కప్పే హీట్ షీల్డ్ మూసేశాక లోపల ఏదైనా మర్చిపోయామంటే మళ్లీ మొదటికొచ్చినట్టే మరి.

కస్టమర్ తేడా తెలిసేది ఇక్కడే. ఉపగ్రహంలో ఇంధనం నింపడం, చివరి పరీక్షలు వాళ్ల ఇంజినీర్లే చూసుకుంటారు, మనవాళ్లు చెయ్యి పెట్టరు. "మేం రెడీ" అని వాళ్లు అనకపోతే మన రాకెట్ ఎంత సిద్ధంగా ఉన్నా కదలదు. 2024 డిసెంబర్ 4న జరిగింది అదే. యూరప్ వాళ్ల ప్రోబా-3 ఉపగ్రహంలో సమస్య కనబడటంతో మన పీఎస్‌ఎల్‌వీ-సీ59 రాకెట్‌ని ఆపేసి, మర్నాడు సాయంత్రం 4:04కి పంపారు.

మన వైపు నుంచీ ఆగుతుంది లెండి. 2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ను ఇంకా 56 నిమిషాలుందనగా ఆపారు. మైనస్ 253 డిగ్రీల హైడ్రోజన్ అప్పటికే నింపేశారు, అదంతా మళ్లీ ఖాళీ చేయాలి. వారానికి, 22న వెళ్లింది. నన్నడిగితే ఆ ఆపడమే అసలు పనితనం. ఎల్‌వీఎం3లో ముందు అంటుకునేవి ఘన ఇంధన బూస్టర్లే. అవి అంటుకున్నాక ఆర్పేవాడు లేడు.

మీరు చూడ్డానికి వచ్చేట్టయితే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో ముందే రిజిస్టర్ చేసుకోండి. సూళ్లూరుపేటలో దిగాలి. తిరుగు టికెట్ మాత్రం ఆ రాత్రికే బుక్ చేయకండి, ఒక రోజు అటూ ఇటూ పెట్టుకోండి.