స్నేహితుడి ఖాతాలో యూట్యూబ్ డబ్బు: నా వాటా వస్తుందా?

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. మాది ఖమ్మం. ఆధార్ పాత పేరుతోనే ఉండటంతో నాలుగేళ్ల కిందట నేను నటించే యూట్యూబ్ ఛానెల్, యాడ్‌సెన్స్ (ప్రకటనల డబ్బు అందే ఖాతా) రెండూ ఎడిటింగ్ చేసే అన్న పేరు మీద పెట్టాం. చెరి సగం అనుకున్నాం. మొదటి ఏడాది ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఏడాదిన్నర నెలనెలా ఫోన్‌పే చేశాడు. ఇప్పుడు ‘నువ్వెవరు’ అంటున్నాడు. ఇంట్లోవాళ్లు గెంటేస్తే ఆదరించాడని నమ్మాను. పాస్‌వర్డ్ నాకు తెలుసు. లాగిన్ అయి ఛానెల్ నా పేరుకు మార్చుకోవచ్చా?

జవాబు: ఆ పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి. ఖాతా ఆయనది. అనుమతి లేకుండా మార్పులు చేస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. డబ్బు పోగొట్టుకుంది మీరే, ముద్దాయి కూడా మీరే అవుతారు.

చీటింగ్ కేసు మీద ఆశ పెట్టుకోకండి. ఏడాదిన్నర వాటా ఇచ్చిన మనిషికి మొదటి నుంచీ మోసపు ఉద్దేశం ఉందని నిరూపించడం కష్టం. సివిల్ దావాలో మాత్రం ఆ చెల్లింపులే మీకు బలం. ‘ఆమె కూలికి నటించింది’ అని అవతలి లాయరు తప్పక అంటాడు. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ కోర్టు ద్వారా తెప్పించి, వచ్చినదాంట్లో నెలనెలా సగం మీకు పంపాడని చూపగలిగితే, మీ తరఫున డబ్బు పుచ్చుకున్నాడని తేలుతుంది. కేసంతా ఆ ఒక్క అంశం మీదే.

అసలు టెన్షన్ పడాల్సింది దావా వేసే గడువు గురించి. ఇలాంటి డబ్బుకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 24 ప్రకారం, అది ఆయన చేతికి అందిన రోజు నుంచి 3 ఏళ్లే. ఏ నెల డబ్బుకు ఆ నెల లెక్క. మొదటి ఏడాది వాటా చాలావరకు చేజారినట్టే. ‘బాకీ ఇస్తాను’ అని గడువు లోపల ఆయన సంతకంతో రాసిచ్చి ఉంటే వేరే సంగతి. అందులో చివరి నెలలది ఏమైనా మిగిలి ఉంటే, మీరు ఆలోచిస్తూ కూర్చునేకొద్దీ అదీ పోతుంది. ఆయన ఇవ్వడం ఆపేశాక వచ్చిన డబ్బుకు ఇంకా గడువుంది, కానీ అదీ ఇలాగే నెలనెలా కరిగిపోతుంది. లీగల్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, దావా వేయాల్సిందే.

నాలుగేళ్లలో ఒక్క ఒప్పంద కాగితం రాసుకోకపోవడం మీ తప్పే. కనీసం ఇప్పుడు ఫోన్ మార్చకండి, చాట్‌లు చెరపకండి. వాట్సాప్ ప్రింట్లతో పాటు అవి ఏ ఫోన్ నుంచి, ఎలా తీశారో చెప్పే భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి, లేకుంటే కోర్టు పక్కన పెడుతుంది.

ఈ వారమే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి లాయరు కోసం దరఖాస్తు ఇవ్వండి. దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించమని అడగొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అయితే ఆయన వాయిదాలు అడుగుతూ పోతే ఎదురుచూడకండి. ఇంకోపక్క 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం కింద కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రానికి దరఖాస్తు చేసి, దానితో ఆధార్, పాన్ సరిచేయించుకోండి. కొత్త ఛానెల్ పెడితే యాడ్‌సెన్స్ మీ పేరు మీద, మీ బ్యాంకు ఖాతాకే ఉండాలి.